పౌడరు పూసుకున్న ట్రక్కు

కారు కొనుక్కొస్తానని పొద్దున వెళ్లిన చూస్తాగారు సాయంత్రానికి ట్రక్కు తోలుకొచ్చారు. ముందు ఇద్దరు ఇరుక్కుని కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి. ఎవరో వాడి వాడి, ఇక మన వల్ల కాదనుకుని అమ్మేసిన బండి.

"ఇదేం కారండీ?" అంది భార్య గేటు దగ్గర నిలబడి.

"కారు కాదోయ్. కారు కన్నా ఎక్కువ."

మర్నాడు పొద్దున ఇంటి ముందు సిమెంటు నేల మీద నల్లటి మరక చూశాక, ఇది పేరుకు కారు కాకపోయినా పనికి కారేనని ఆయనకు అర్థమైంది. కారుతూనే ఉంది.

చూస్తాగారికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. వీధిలో ఎవరికీ గుర్తులేదు. కుళాయి చెడినా, తలుపు బిగుసుకున్నా, ఫ్యాను మూలిగినా ఆయన "ఎవర్నీ పిలవకు, నేను చూస్తా" అంటారు. నడుము మీద చేతులు పెట్టుకుని, మెడ పక్కకు వంచి, చాలాసేపు చూస్తారు కూడా. "మాట తప్పే మనిషి కారండీ మా ఆయన. చూస్తానంటారు, చూస్తారు. బాగుచేస్తానని ఎన్నడైనా అన్నారా?" అంటుంది భార్య. లైబ్రరీలో ఉద్యోగం కావడంతో ప్రపంచంలోని ప్రతి చిక్కుకూ ఏదో ఒక పుస్తకంలో ఒక పేజీ ఉంటుందని ఆయన నమ్మకం. ఆ పేజీ ఎప్పుడూ ఎవరో చింపుకుపోయి ఉంటారు, అంతే.

ట్రక్కు కొన్నది మాత్రం నిజంగా ఆవిడ కోసమే. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు కుడుతుంది. ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలుస్తుంది, కుట్టిన తెరలు తీసుకెళ్లి తనే తగిలించి వస్తుంది. ఇన్నాళ్లూ ఆ పనంతా స్కూటరు మీదే. పొడుగాటి కర్టెను రాడ్లు స్కూటరు పక్కన కట్టుకుని, వాటి చివర ఎర్రగుడ్డ ముక్క ఎగరేసుకుంటూ వెళ్తుంటే, యుద్ధానికి వెళ్తున్నట్టు ఉండేది.

చిక్కంతా ఆ స్కూటరుతోనే వచ్చింది. బండి చూడటానికి చూస్తాగారు వెళ్లింది దాని మీదే. "పాతబండి ఏదైనా ఇస్తే ధర తగ్గిస్తాను" అన్నాడు అమ్మేవాడు. మాటల్లో మాటగా ఈయన తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టేశారు.

"నా స్కూటరేది?" అని ఆవిడ అడిగినప్పుడు, చూస్తాగారు సంగతి చెప్పారు. పోట్లాడుతుందని దారిపొడవునా సమాధానాలు కూర్చుకుంటూ వచ్చారు. వాన, ఎండ, ఆవిడ నడుంనొప్పి, అన్నిటికీ సమాధానం ఉంది.

"మంచిది" అని లోపలికి వెళ్లిపోయింది ఆవిడ.

ఆ "మంచిది"కి ఆయన దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే మర్చిపోయారు కానీ, ఈ ఒక్క మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పైగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు బర్రున వెళ్లిపోయే మనిషి, మెడలో టేపు వేసుకుని లైబ్రరీ నుంచి ఆయన వచ్చేదాకా గుమ్మంలో నిలబడి, "ఖాళీగా ఉన్నారా? ఒక ఇంటికి వెళ్లాలి" అని అడుగుతోంది. అడిగినప్పుడల్లా ఆయనకు ప్రాణం చచ్చిపోతోంది.

అందుకని ట్రక్కు కారడానికి వీల్లేదు. కారుతోందని తెలిస్తే, ఆ స్కూటరు ఉత్తపుణ్యానికి పోయినట్టే లెక్క. ఆవిడకు తెలియకుండా బాగుచేసి తీరాలి.

చూస్తాగారు ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్లారు. ఆవిడ పిన్నికొడుకు ఒకతనికి బళ్లు బాగుచేసే షెడ్డు ఉంది. చేతులు ఎంత ఆడతాయో నోరు అంతకు రెట్టింపు ఆడుతుంది అతనికి.

"ఏం రంగు బావగారూ?"

"నలుపు."

"అదొక్కటేనా?"

"కొంచెం ఇవతల పచ్చగా ఉంది. ఇంకోచోట నీళ్లలాగా."

"మీరు కొన్నది బండా, రంగుల దుకాణమా? సరే వినండి. నీళ్లలా ఉంటే అది ఏసీ నీళ్లు, దాని జోలికి పోకండి. పచ్చనిది రేడియేటరుది. నల్లనిది ఇంజనాయిలు. షెడ్డుకి తోలుకురండి, చూసేస్తాను."

"నువ్వెందుకు, నేను చూస్తా. దారి చెప్పు చాలు. మీ అక్కతో మాత్రం అనకు."

"ఛ, నేనెందుకంటాను బావగారూ!"

దారి చెప్పాడు. సాయంత్రం బండి కింద అట్టపెట్టె విప్పి పరవాలి. పొద్దున లేచి, ఏ రంగు చుక్క ఎక్కడ పడిందో, దానికి సరిగ్గా పైన ఏముందో చూడాలి. బాగానే ఉంది. మర్నాడు మళ్లీ అతనే ఫోను చేసి ఇంకో మాట చెప్పాడు: రోజూ పొద్దున్నే నేలంతా సబ్బునీళ్లతో కడగాలి.

"అట్ట పరిచాక నేల కడగడం దేనికి?"

"నిన్నటి మరకేదో ఇవాళ్టిదేదో తెలియొద్దూ? గేటు దాకా కడగండి. మూలలు వదలకండి."

"మూలల్లో బండి ఉండదు కదయ్యా?"

"ఆయిలు పాకుతుంది బావగారూ. మెట్లు కూడా కడిగితే మంచిది."

"ఆయిలు మెట్లెక్కుతుందా?"

"కొన్ని బళ్లకి ఎక్కుతుంది."

పెళ్లయినప్పటి నుంచి చీపురు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని చూస్తాగారు, లుంగీ ఎగగట్టి, రోజూ పొద్దున్నే మెట్ల నుంచి గేటు దాకా బరబరా కడగడం మొదలెట్టారు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి, చూసి నేర్చుకుందురుగానీ!" అని కేకేసింది.

పచ్చరంగు సంగతి తొందరగానే తేలింది. రేడియేటరు గొట్టానికి ఉన్న బిగింపు వదులైంది. చూస్తాగారు స్క్రూడ్రైవరుతో తిప్పారు, చుక్క ఆగిపోయింది. జీవితంలో తొలిసారి చూసింది బాగుపడేసరికి ఆనందం పట్టలేక నిటారుగా లేచారు. పైన బానెట్టు ఉంది.

నలుపు లొంగలేదు. ఇంజను అడుగంతా జిడ్డే. కారేది ఎక్కడో కనపడుతోంది, మొదలయ్యేది ఎక్కడో అంతు చిక్కడంలేదు.

"ఇంజను శుభ్రంగా తుడిచి, ఆరాక పౌడరు చల్లండి" అన్నాడు షెడ్డు తమ్ముడు. "కాసేపు స్టార్టు చేసి ఆపితే, తెల్లటి పౌడరు మీద తడిగీత కనపడుతుంది. దాన్ని పట్టుకుని పైకి వెళ్లడమే."

"ఏ పౌడరు?"

"మొహానికి రాసుకునేది. వాసన మీ ఇష్టం."

చూస్తాగారు భార్య అద్దం ముందున్న డబ్బా పట్టుకెళ్లి గుప్పించారు. గుప్పించడం బాగానే గుప్పించారు. ఇంజను ముందు ఫ్యాను ఉంటుందని మాత్రం మర్చిపోయారు. స్టార్టు చేసి ఇలా వచ్చి వంగగానే, చల్లిన పౌడరులో సగం లేచి ఆయన మొహాన కొట్టింది.

లోపలికి వచ్చేసరికి మిషను ఆగింది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"లేదే."

"మరి ఈ అలంకారం?"

చూస్తాగారి ముందు రెండు దారులున్నాయి. బండి కారుతోందని చెప్పడం ఒకటి, వయసు మీరాక సోకు ముదిరిందని ఒప్పుకోవడం ఒకటి. ఆయన రెండోది పట్టుకున్నారు.

"ఏం లేదు. కాస్త చెమటవాసన వస్తుంటే..."

"ఎవరికి వస్తోంది?"

"నాకే."

"కనుబొమ్మలకీ చెమట పడుతోందా?"

"కాలం అలా ఉంది" అంటూ ఆయన గబగబా స్నానాలగదిలో దూరారు.

అక్కడితో ఆగితే బాగుండేది. తడిగీత ఒకసారికి తేలలేదు. మళ్లీ తుడవడం, మళ్లీ చల్లడం. ఆయన కొత్తడబ్బా కొని పెట్టారు, అదీ అయిపోయింది. లైబ్రరీలో పేపరు చదవడానికి వచ్చే పెద్దాయన ఈయన బల్ల దగ్గరికి రాగానే తుమ్మడం మొదలెట్టాడు. పక్కింటి పిన్నిగారు, "మంచి వాసనొస్తున్నావు నాయనా" అంది, జాలిపడుతున్నట్టు.

"నా పెళ్లికి కూడా ఇంత పౌడరు రాయలేదండీ నాకు" అంది భార్య ఖాళీ డబ్బా బోర్లించి చూపిస్తూ. "ఎవరో చెప్పకూడదా? ఆవిడకి కర్టెన్లు కావాలేమో అడుగుతాను."

"నీకన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదు. ఇంతకీ మన బండి ఎలా ఉంది?"

"దానికేం, రాయిలా ఉంది."

"మంచిది" అంది ఆవిడ.

మళ్లీ ఆ మాటే. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ కూడా మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా ఆగింది. చూస్తాగారు దగ్గి, పేపరు అడ్డం పెట్టుకున్నారు. చక్రం తిరిగింది.

చివరికి తడిగీత దొరికింది. ఆయిలు ఇంజను నెత్తి మీది మూత అతుకులోంచి వచ్చి, పక్కల వెంట జారి, అడుగున చుక్కలవుతోంది. ఇన్నాళ్లూ ఆయన అడుగునే వెతుకుతున్నారు. మూత మరలన్నీ బిగించారు. మర్నాడు అట్ట మీద నల్లచుక్క లేదు. "నయం చేసేశానోయ్!" అని షెడ్డుకు ఫోను చేసి, తన తెలివిని తానే చాలాసేపు మెచ్చుకున్నారు.

ఆ మర్నాడే తను కుట్టిన తెరలు ఒక కొత్త ఇంటికి చేర్చాలంది ఆవిడ. పెద్ద పని. ఆ తెరల మీదే చాలా రోజులుగా కూర్చుంది. "ముందు తమ్ముడి షెడ్డు దగ్గర ఆగుదాం, చిన్న పనుంది" అని కూడా అంది.

పొద్దున్నే నేల కడుగుతుంటే, వెనక చక్రం లోపలివైపు తడి కనపడింది చూస్తాగారికి. లేత పసుపు. వేలితో ముట్టుకుంటే జారుడుగా ఉంది. లైబ్రరీ పుస్తకంలో ఆ పేజీ ఎవరూ చింపలేదు: బ్రేకు నూనె. బానెట్టు ఎత్తి చూస్తే, ఆ నూనె పోసే చిన్న డబ్బాలో మట్టం గీత కిందికి దిగిపోయి ఉంది.

ఫోను చేతిలోకి తీసుకున్నారు. నిన్ననే కదా నయం చేశానని చెప్పుకుంది. ఇవాళ మళ్లీ ఏ మొహంతో అడగడం? ఫోను జేబులో పెట్టేసి, పుస్తకంలో చూసి ముందే కొనిపెట్టుకున్న సీసాలోంచి డబ్బా నిండా నూనె పోశారు. బ్రేకు తొక్కి చూస్తే కాస్త గట్టిగానే ఉన్నట్టు అనిపించింది. దగ్గరే కదా, నెమ్మదిగా వెళ్తే సరిపోతుందిలే అనుకున్నారు.

ఆవిడ మూటలు తొట్టిలో వేయించి, మెడలో టేపుతో వచ్చి పక్కన కూర్చుంది. "పదండి" అంది.

ఇంటి ముందు నుంచి వీధిలోకి కాస్త వాలు. బండి కదిలింది. గేటు దగ్గర ఆపుదామని చూస్తాగారు బ్రేకు తొక్కారు. కాలు బురదలో దిగినట్టు దిగిపోయింది. మళ్లీ తొక్కారు. మళ్లీ దిగిపోయింది. చేతిబ్రేకు లాగబోయి కంగారులో ఏసీ మీట తిప్పేశారు. ఇన్నాళ్లూ గొట్టాల్లో చేరిన పౌడరంతా ఒక్కసారి బుస్సుమని లోపలికి వచ్చిపడింది. ముందు అద్దం లేదు, వీధి లేదు, పక్కన భార్య లేదు. అంతా తెలుపు. ఆ తెలుపులో ట్రక్కు తాపీగా వీధి దాటి, ఎదురింటివాళ్లు గోడ కట్టడానికి పోయించుకున్న ఇసుకగుట్టలో మూతి పెట్టి, నిట్టూర్చి ఆగిపోయింది.

కాసేపటికి ఆవిడ తుమ్మింది.

"దెబ్బ తగిలిందా?" అన్నారాయన.

"లేదు. మీకు?"

"లేదు." చూస్తాగారు స్టీరింగు మీది పౌడరు తుడిచారు. "బండి కారుతోందోయ్."

"తెలుసు."

"తెలుసా?"

"నల్లది తెలుసు, పచ్చది తెలుసు. పౌడరు సంగతీ తెలుసు. వాడితో చెప్పొద్దన్నారుగా?"

"ఒట్టేసినంత పని చేశాడే!"

"వాడు చెప్పలేదు. నేను అడిగాను. అడిగితే అబద్ధం చెప్పలేడు పాపం. నేల కడగమన్నది వాడు కాదు, నేను. మెట్లు కూడా నేనే." ఆవిడ చీర మీది పౌడరు దులుపుకుంది. "తెరలు నిన్ననే వాడి ట్రాలీలో వెళ్లిపోయాయి. వెనక ఉన్నవి షెడ్డుకి గుడ్డపీలికలు. మిమ్మల్ని బండితో సహా అక్కడికి చేర్చేద్దామని చూశాను. ఈలోపు మీరే చెప్తారేమోనని ఎదురుచూశాను. రోజూ చూశాను."

ఇంకోరోజైతే చూస్తాగారు ఉక్రోషపడేవారు.

"బ్రేకు కూడా కారుతోంది. పొద్దున చూశాను."

పౌడరు కింద ఆవిడ మొహం రంగు మారిందో లేదో కనపడలేదు. గొంతు మాత్రం మారింది.

"అది నాకు తెలీదు."

"ఎవరికీ చెప్పలేదు."

"తెలిసీ నన్ను ఎక్కించుకున్నారా?"

ఇసుకగుట్ట అవతల ఎదురింటాయన ఏదో అరుస్తున్నాడు. పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చి, అద్దంలోంచి ఇద్దర్నీ చూసి, "అయ్యో, ఇద్దరికీ పట్టుకుందా ఈ జబ్బు!" అంది.

ఆవిడ దిగింది. తలుపు వెయ్యబోతూ ఆగింది.

"స్కూటరు ఇచ్చేముందు ఒక్క మాట అడిగుంటే, నేనే ఇచ్చేదాన్నండీ."

షెడ్డు తమ్ముడు వచ్చి ట్రక్కును తాడు వేసి లాక్కెళ్లాడు. ఎత్తు మీద నిలబెట్టి, చక్రం ఊడదీసి, లోపల చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అక్కా, ఎవరికి చెప్పమంటావు? నీకా, బావగారికా?"

"ఆయనకే చెప్పు" అంది ఆవిడ. "నాకు ఆయన చెప్తారు."

అంది, ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది.

చూస్తాగారు నిలబడి మొత్తం విన్నారు. చక్రం లోపల బ్రేకు నూనె పట్టుకునే గిన్నె పాడైంది, మార్చాలి. ఇంజను మూత కింది రబ్బరు చిట్లింది, మరలు బిగించడంతో ఇంకా చిట్లింది. గొట్టం బిగింపు మాత్రం ఆయన బాగానే చేశారు. ఆ ఒక్కటీ ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత నేరుగా ఇంటికి రాలేదు. బండి అమ్మినవాడి దగ్గరికి నడుచుకుంటూ వెళ్లారు. అక్కడి నుంచి మళ్లీ నడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది.

ఆవిడ ముందుగదిలో నేల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి గిన్నె సంగతి, రబ్బరు సంగతి, తన బిగింపు సంగతి వరసగా చెప్పారు. తమ్ముడు ఈపాటికే ఫోను చేసి ఉంటాడని ఆయనకు తెలుసు. అయినా ఆవిడ ఇప్పుడే వింటున్నట్టు "ఊఁ" కొడుతూ విన్నది.

"ఇంకోటి. స్కూటరు వెనక్కి తెద్దామని వెళ్లాను. ఎవరో కొనేసుకున్నారట."

కత్తెర ఆగింది.

"తెలుసు. నేనూ వెళ్లాను."

"ఎప్పుడు?"

"మీరు మొదటిసారి అట్ట పరిచిన మర్నాడు. అప్పటికే అమ్మేశాడు. కొన్నావిడ ఎక్కడుంటుందో అడిగి అక్కడికీ వెళ్లాను, ఊరికే, ఒకసారి చూద్దామని." ఆవిడ గుడ్డ మీది ముడత అరచేత్తో సరిచేసింది. "కొత్త ఇల్లు. వరండాలో పెట్టుకున్నారు. బాగానే చూసుకుంటున్నారు, అద్దం కూడా కొత్తది వేయించారు. కిటికీలకి తెరలు లేవు. కొలతలు తీసుకుని వచ్చాను."

చూస్తాగారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆయన పౌడరు చల్లుకుంటూ తిరిగినన్ని రోజులూ, ఈ గదిలో ఆవిడ కుట్టింది ఆ ఇంటి తెరలే. నిన్న ట్రాలీలో వెళ్లింది ఆ ఇంటికే.

"తప్పయిందోయ్" అన్నారు. ఆ మాట చాలా చిన్నదిగా వినపడింది ఆయనకే.

ఈసారి ఆవిడ "మంచిది" అనలేదు. గుడ్డ రెండో కొస తీసి ఆయనవైపు చాచింది.

"ఇది పట్టుకోండి."

పట్టుకున్నారు.

"లాగకండి. మీ ఇష్టమొచ్చినట్టు లాగితే వంకర పోతుంది. నేను వదలమనేదాకా ఊరికే పట్టుకోండి, చాలు."

ఆవిడ కత్తిరించుకుంటూ పోయింది. గుడ్డ చివరిదాకా తెగింది. వదలమంటుందేమోనని చూస్తాగారు కాసేపు చూశారు. ఆవిడ ఇంకో గుడ్డ తీసి పరిచి, దారం వెతుక్కోవడంలో పడింది. ముక్కు మీద మిగిలిన పౌడరు దురద పెడుతోంది. ఆయన గోక్కోలేదు. కొస పట్టుకుని అలాగే నిలబడ్డారు.